నాడి చూడవలెనా, ఊపిరి చూడవలెనా?
హైదరాబాదు క్లోరోఫారము కమిషన్ల కథ

కార్వేటినగరానికి సమీపముననే ఉన్న పుత్తూరు పేరు విననివారు దక్షిణ రాయలసీమలో అరుదు. చెట్టు మీదనుంచి పడి చెయ్యి విరిగినా, బండి మీదనుంచి పడి కాలు విరిగినా ఇక్కడివారికి మొదట తోచేది "పుత్తూరు కట్టు". ఆకుపసరు పట్టించి, వెదురుబద్దలు ఆనించి, గుడ్డతో బిగించి కట్టే ఈ విద్య తరతరాలుగా వస్తున్నది. దీనిలో మత్తుమందు ప్రసక్తి లేదు. ఎముకను సరిచేసే ఆ కొద్ది క్షణాలు రోగి పళ్ళు బిగబట్టి ఓర్చుకొంటాడు. ఓర్చుకోలేకపోతే కేక పెడతాడు. పెడితే పెట్టనీ. కేక పెట్టేవానికి ఊపిరి ఆడుతున్నట్లే గదా!

మత్తువైద్యములోని పెద్ద చిక్కు అంతా ఈ చిన్న సంగతిలోనే ఉన్నది. 1846కు పూర్వము ప్రపంచములో ఎక్కడైనా శస్త్రచికిత్స దాదాపు ఇట్లే జరిగేది. నలుగురు బలవంతులు రోగిని అదిమి పట్టుకొనేవారు. కాలు తీసివేయడము వంటి పనిని రెండు మూడు నిమిషాలలో ముగించగలవాడే గొప్ప శస్త్రవైద్యుడు. 1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరములో మార్టన్ అనే దంతవైద్యుడు ఈథరు ఆవిరిని పీల్పించి, కత్తి కోత రోగికి తెలియకుండా చేసి చూపాడు. మరుసటి సంవత్సరము నవంబరు 4న ఎడింబరోలో సింప్సన్ అనే ప్రసూతి వైద్యుడు భోజనాల బల్ల దగ్గర ఇద్దరు సహచరులతో కూర్చుండి క్లోరోఫారము ఆవిరిని పీల్చాడు. ముగ్గురూ బల్ల కిందికి ఒరిగిపోయారు.

క్లోరోఫారమునకు తియ్యని వాసన ఉన్నది. అది ఈథరు వలె భగ్గున మండదు. కొన్ని చుక్కలు గుడ్డ మీద వేస్తే చాలును, పరికరములేవీ అక్కరలేదు. అన్నిటికంటె ముఖ్యముగా, ఈథరు సుమారు 35 సెంటిగ్రేడు డిగ్రీల దగ్గరనే మరిగిపోతుంది. మన వేసవిలో దాని సీసా మూత తీయడమే కష్టము. క్లోరోఫారము మరగడానికి 61 డిగ్రీలు కావలెను. కాబట్టి భారతదేశపు ఆసుపత్రులలో క్లోరోఫారమే రాజ్యమేలినది.

రోగి కేక ఆగిపోయినది. మంచిదే. కాని అంతవరకు తన ఊపిరిని తానే చూచుకొంటున్న మనిషి ఇప్పుడు ఆ పనిని మరొకరికి అప్పగించి నిద్రపోతున్నాడు. ఆ మరొకరు ఏమి చూడవలెను? దీనికి సమాధానము దొరకడానికి దాదాపు ఒక శతాబ్దము పట్టినది. ఆ వివాదములో అతి పెద్ద ప్రయోగము జరిగినది మన హైదరాబాదులోనే.

క్లోరోఫారము వాడుకలోకి వచ్చి మూడు నెలలైనా కాకముందే తొలి మరణము సంభవించినది. ఇంగ్లండులో న్యూకాజిల్ సమీపాన వింలటన్ అనే గ్రామములో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ళ పిల్లకు కాలి వేలి గోరు తీయవలసి వచ్చినది. 1848 జనవరి 28న ఆమెకు క్లోరోఫారము ఇచ్చారు. కొద్ది నిమిషాలలోనే ముఖము పాలిపోయినది. కంగారుపడిన వైద్యుడు ముఖము మీద నీళ్ళు చల్లి, నోటిలో నీళ్ళూ బ్రాందీ పోశాడు. ఆ పిల్ల మరి లేవలేదు. గోరు కోసమని పడుకొన్న పిల్ల ప్రాణము పోవడము వైద్యలోకాన్ని కలచివేసినది.

ఎందువల్ల చనిపోయినది? సింప్సన్ తన మందును వెనకేసుకొని వచ్చాడు. స్పృహ లేని పిల్ల గొంతులో పోసిన నీళ్ళు, బ్రాందీ ఊపిరికి అడ్డుపడినవని ఆయన వాదము. లండనులోని జాన్ స్నో ఒప్పుకోలేదు. గాఢమైన క్లోరోఫారము ఆవిరి ఒక్కసారిగా గుండెకు చేరి దానిని స్తంభింపజేసినదని ఆయన అభిప్రాయము. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని చూపిన స్నో ఈయనే. గాలిలో ఆవిరి నూటికి ఎన్ని పాళ్ళు ఉన్నదో కొలిచి ఇవ్వవలెనని పట్టుపట్టి అందుకు తగిన పరికరాన్ని కూడా తయారు చేశాడు.

అప్పటినుంచి వైద్యులు రెండు వర్గాలయ్యారు. లండను వర్గమువారు రోగి మణికట్టు పట్టుకొని నాడి చూసేవారు. ఎడింబరో వర్గమునకు పెద్ద సైమ్ అనే శస్త్రవైద్యుడు. నాడిని పట్టించుకోవద్దు, ఊపిరినే చూడండి, శ్వాస గురక పెడితే నాలుకను ముందుకు లాగండి అని ఆయన బోధ. సైమ్ అల్లుడు లిస్టరుదీ ఇదే మాట. క్రిమినాశక శస్త్రచికిత్సకు ఆద్యుడైన లిస్టరే చెబితే ఇక ఎదురేమున్నది! కాని మరణాలు మాత్రము ఆగలేదు. 1880లో గ్లాస్గోలో ఒక సంఘము జంతువులపై పరిశోధించి, క్లోరోఫారము రక్తపు పోటును తగ్గిస్తుందనీ, గుండెను నేరుగా దెబ్బతీయగలదనీ చెప్పినది. నాడి వర్గము బలపడినది.

ఎడ్వర్డ్ లారీ రంగములోకి వచ్చినది ఇట్టి సమయములోనే. ఎడింబరోలో సైమ్ సంప్రదాయములో తయారైన ఈ వైద్యుడు 1885లో హైదరాబాదుకు రెసిడెన్సీ సర్జనుగా వచ్చాడు. అక్కడి వైద్య పాఠశాలకు ఆయనే అధిపతి. ఆ పాఠశాల పుట్టినది 1846లో, అంటే ఈథరు పుట్టిన సంవత్సరమే. తరువాత ఉస్మానియా వైద్య కళాశాల అయినది అదే. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో లారీ శిష్యులు వేలాది రోగులకు క్లోరోఫారము ఇచ్చేవారు. ఎవరూ నాడి చూడరు. రొమ్ము, పొట్ట ఎట్లా కదులుతున్నవో చూస్తారు. మాకు మరణాలు లేవు, లండనులో ఎందుకు ఉన్నవి? అని లారీ ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు కోసము 1888లో మొదటి కమిషను ఏర్పడినది. పాట్రిక్ హెహిర్ ప్రభృతులు నూరుకు మించిన కుక్కలపై ప్రయోగించి, ప్రతిసారీ ఊపిరి ముందు ఆగుతుంది, గుండె తరువాతనే ఆగుతుంది అని తేల్చారు. లండనులోని ప్రసిద్ధ వైద్య పత్రిక "లాన్సెట్" నమ్మలేదు. వలస దేశములో, ఒక సంస్థానములో, ఊరకుక్కలపై చేసిన ప్రయోగము గ్లాస్గో పరిశోధనను తోసిపుచ్చడమా! ఆ అనుమానములో శాస్త్రము కొంత, దర్పము కొంత కలిసి ఉన్నవనుకొంటే తప్పులేదు. లారీ వెనుదీయలేదు. మీ మనిషినే పంపండి, వచ్చి కళ్ళారా చూడనివ్వండి అన్నాడు. ఖర్చులకు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము 1000 పౌనులు ఇచ్చినది. ఒక భారతీయ సంస్థానము తన ఖజానా తెరిచి, తన వైద్యుని మాటను ప్రతిపక్షముచేతనే పరీక్షింపజేయడము ఆ కాలమునకు అపూర్వమనే చెప్పవలెను.

లాన్సెట్ పంపినది సామాన్యుని కాదు. లాడర్ బ్రంటన్ అనగా ఔషధములు శరీరముపై పనిచేసే తీరును పరిశోధించడములో ఆనాడు పేరు మోసినవాడు. గుండెనొప్పికి అమైల్ నైట్రైటును వాడుకలోకి తెచ్చినవాడు. క్లోరోఫారము గుండెను చంపగలదని నమ్మేవారిలో ఒకడు. 1889 అక్టోబరులో ఆయన హైదరాబాదు చేరాడు. లారీ, బ్రంటన్, బాంఫర్డ్, రుస్తుంజీలు పనికి పూనుకొన్నారు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిసి 490. వాటిలో 120 జంతువులకు రక్తపు పోటును గీతగా గీసే యంత్రమును తగిలించారు. ప్రతి గీతకూ ఛాయాచిత్రము తీశారు. మత్తు ఎక్కువగా ఇచ్చి చూశారు, తక్కువగా ఇచ్చి చూశారు, గొంతు నొక్కిపట్టి చూశారు. ఇన్ని మూగజీవాలు బలి అయిన ప్రయోగము ఈనాడు ఎవరూ అనుమతించరు.

డిసెంబరులో బ్రంటన్ లండనుకు తంతి పంపాడు. క్లోరోఫారము వలన ప్రమాదము ఊపిరాడకపోవడము చేతగాని, మోతాదు మించడము చేతగాని వస్తుంది. గుండెను నేరుగా చంపడము లేదు అని దాని సారాంశము. వాదించడానికి వచ్చినవాడు ఒప్పుకొని వెళ్ళాడు. 1890లో నివేదికను లాన్సెట్ తానే ప్రచురించినది.

ఆ నివేదికలోని సూచనలు నేటికీ చదవదగినవి. రోగిని వెల్లకిల పడుకోబెట్టవలెను. మెడ, రొమ్ము, నడుము చుట్టూ దుస్తులు వదులుగా ఉండవలెను. ఊపిరికి క్షణమైనా ఆటంకము కలుగనీయరాదు. ఒకవేళ శ్వాస అడ్డుపడితే, కింది దవడ మూలల వెనుక వేళ్ళు ఆనించి, కింది పళ్ళు పై పళ్ళకంటె ముందుకు వచ్చేటట్లు దవడను ముందుకు నెట్టవలెను. దీనితో నాలుక మూలము, దాని వెనుకనున్న మూత లేచి స్వరపేటిక దారి తెరుచుకొంటుంది. అప్పటికీ ఊపిరి రాకపోతే కృత్రిమ శ్వాస ఇవ్వవలెను. దవడను ఇట్లా నెట్టే పద్ధతిని హైబర్గ్, ఎస్మార్క్ అనే వైద్యులు 1870ల లోనే చెప్పి ఉన్నారు. దానిని ప్రతి మత్తు వైద్యునికీ తప్పనిసరి విధిగా చాటినవారిలో హైదరాబాదు కమిషను ఒకటి.

దీని వెనుకనున్న శరీరధర్మమును విద్యార్థులు తేలికగా గ్రహించవచ్చును. నాలుక ఒక కండరముల ముద్ద. కింది దవడకు అతుక్కొని ఉంటుంది. మెలకువలోను, మామూలు నిద్రలోను కండరములకు కొంత బిగువు ఉంటుంది. గాఢమైన మత్తులో, తలకు దెబ్బ తగిలిన స్పృహలేమిలో ఆ బిగువు పోతుంది. వెల్లకిల పడిఉన్న మనిషి నాలుక తన బరువుతో వెనుకకు జారి గొంతును మూస్తుంది. దవడను ముందుకు తెస్తే దానికి అతుక్కొన్న నాలుకా ముందుకు వస్తుంది.

కార్వేటినగరమునుంచి పుత్తూరు పోయే దారిలో ఎవరైనా బండి మీదనుంచి పడి స్పృహ తప్పితే, 108 వాహనము వచ్చేలోగా పక్కనున్నవారు చేయగలిగినది ఇదే. ఊపిరి ఆడుతూ మెడకు దెబ్బ తగలలేదని తోస్తే మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టవలెను. మెడకు దెబ్బ తగిలి ఉండవచ్చునన్న అనుమానముంటే తలను వంచక, తిప్పక, దవడను మాత్రమే ముందుకు తేవలెను. ఊపిరే ఆడకపోతే 108 వారు ఫోనులో చెప్పిన ప్రకారము వెంటనే రొమ్మును నొక్కడము ప్రారంభించవలెను. జనము గుమికూడగానే ఎవరో ఒకరు సోడాయో నీళ్ళో తెచ్చి నోటిలో పోయబోతారు. మింగే శక్తి లేని గొంతులో పోసినది కడుపులోకి పోదు, ఊపిరితిత్తులలోకి పోతుంది. వింలటన్ వైద్యుడు బ్రాందీతో చేసిన పనీ అదే.

ఇంతవరకు హైదరాబాదు కమిషను గెలిచినట్లే. కాని అది చెప్పిన రెండవ మాట నిలువలేదు. కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే శాస్త్రజ్ఞులు ఒక యుక్తి పన్నారు. రెండు జంతువుల రక్తనాళములను కలిపి, క్లోరోఫారము కలిసిన రక్తము ఒకసారి మెదడుకు మాత్రమే, మరొకసారి గుండెకు మాత్రమే పోయేటట్లు చేశారు. మెదడుకు మాత్రమే పోయినప్పుడు రక్తపు పోటు పడిపోలేదు. గుండెకు పోయినప్పుడు పడిపోయినది. 1893లో ఇది ప్రకటితమైనది. దెబ్బ గుండెకే తగులుతున్నదని తేలినది. లారీ ఒప్పుకోలేదు. ఆయన మొండితనము ఇక్కడితో ఆగలేదు; మలేరియాకు లావరాన్ కనుగొన్న పరాన్నజీవినీ ఆయన నమ్మలేదు. ఆయన ఉన్న ఊరికి ఆనుకొని ఉన్న సికింద్రాబాదులోనే 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ ఆ జీవిని దోమ కడుపులో చూశాడు!

తుది తీర్పు 1911లో వచ్చినది. గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు పిల్లులకు క్లోరోఫారము స్వల్పముగా ఇచ్చి, అడ్రినలిన్ కొద్దిగా ఎక్కించాడు. గుండె కొట్టుకోవడము మాని ఒక్కసారిగా వణకడము మొదలుపెట్టినది. అట్లా వణికే గుండె రక్తమును తోయలేదు. ప్రాణము నిమిషాలలో పోతుంది. మత్తు గాఢముగా ఉన్నప్పుడు మాత్రము ఇట్లా జరుగలేదు. భయపడినప్పుడు, పెనుగులాడినప్పుడు మన శరీరమే అడ్రినలిన్‌ను రక్తములోకి వదులుతుంది. అంటే అతి ప్రమాదకరమైన సమయము మత్తు బాగా ఎక్కినప్పుడు కాదు, రోగి భయముతో పెనుగులాడుతూ మత్తులోకి పోయే తొలి నిమిషాలలో. హన్నా గ్రీనర్ వంటి పిల్లలు చిన్న చిన్న చికిత్సలలో, తొలి నిమిషాలలోనే ఎందుకు చనిపోయారో దీనివల్ల బోధపడినది.

మరి 490 జంతువులలో ఇది ఎందుకు కనబడలేదు? ఒక కారణము, హైదరాబాదులో ఎక్కువ భాగము ప్రయోగాలు ఊపిరి ఆగిపోయేవరకు మత్తును గాఢము చేసినవి. రెండవది గణితములో ఉన్నది. ఇట్టి మరణము 3000 మందిలో ఒకరికి కలుగుతుందని అనుకొందాము. ఒకసారి అది జరుగకపోవడానికి గల సంభావ్యత 2999/3000. 490 సార్లు వరుసగా జరుగకపోవడానికి దానిని 490 సార్లు గుణించవలెను. ఫలితము సుమారు 0.85. అంటే ప్రమాదము నిజముగా ఉన్నా, అది ఒక్కసారైనా కనబడకుండా పోవడానికి నూటికి 85 పాళ్ళు అవకాశమున్నది. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో వేయించి చూడవచ్చును. కమిషను చూసినదంతా నిజమే. చూడనిది లేదని అనడమే పొరపాటు.

ఆ కమిషను రోజులలోనే హైదరాబాదు వైద్య పాఠశాలలో చదువుతున్న ఒక యువతిని ఇక్కడ తలచుకొనవలెను. రూపాబాయి ఫర్దూన్‌జీ 1885లో చేరి 1889లో పట్టము పొందినది. హైదరాబాదు ఆసుపత్రులలో మత్తు ఇవ్వడమే వృత్తిగా పెట్టుకొన్నది. ప్రపంచములోనే తొలి మహిళా మత్తు వైద్యులలో ఆమె ఒకరు. ఉద్యోగములో కుదురుకొన్న తరువాత, 1909లో ఎడింబరో పోయి భౌతిక, రసాయన శాస్త్రములు చదివినది. వాయువులతో పనిచేసేవారికి ఆ శాస్త్రములు తెలియవలెను గదా.

క్లోరోఫారము క్రమముగా వెనుకబడినది. 1956లో హాలోథేన్ వంటి మందులు వచ్చిన తరువాత దాని అవసరమే తీరిపోయినది. కాని నాలుక సమస్య తీరలేదు, మరింత ముదిరినది. 1878లో గ్లాస్గోలో మాక్యూయెన్ నోటిగుండా గొట్టమును శ్వాసనాళములోకి పంపి దానిద్వారా క్లోరోఫారము ఇచ్చాడు. మొదటి ప్రపంచ యుద్ధము తరువాత, ముఖము ఛిద్రమైన సైనికులకు చికిత్స చేసే పట్టున మాగిల్, రోబోథం ఈ గొట్టపు పద్ధతిని తీర్చిదిద్దారు. 1943లో మాకింటోష్ వంపు బద్ద ఉన్న పరికరమును చేశాడు. నాలుకను పక్కకు తోసి స్వరతంత్రులను చూడడానికి అది నేటికీ వాడుకలో ఉన్నది. ఈ లోపల 1942లో కండరములను పూర్తిగా సడలించే క్యురారే మందు శస్త్రచికిత్సలో ప్రవేశించినది. శస్త్రవైద్యునికి ఇది వరము. రోగికి మాత్రము సొంత ఊపిరి లేదు. గొట్టము లోపలికి పోయినదా సరి; పోకపోతే, ముసుగుతోనూ గాలి పంపలేకపోతే, నాలుగైదు నిమిషాలలో మెదడు దెబ్బతినడము మొదలవుతుంది. ఎవరి గొంతులో గొట్టము సులభముగా దిగదో ముందుగా తెలిస్తే?

ఈ ప్రశ్నకు తేలికైన దారి చూపినవాడు తెలుగువాడు. గుంటూరు జిల్లాలో పుట్టి బోస్టన్‌లోని ఆసుపత్రిలో మత్తు వైద్యుడైన మల్లంపాటి శేషగిరిరావు. నోరు బాగా తెరుచుకొని, పైకి ఏ లోపమూ లేని ఒక స్త్రీకి గొట్టము వేయబోతే స్వరపేటిక కనబడలేదు. కారణము ఆలోచిస్తే నాలుక మూలము పెద్దదైతే అది వెనుకనున్నదంతా కప్పివేస్తుందని తట్టినది. 1983లో ఈ ఊహను ఒక లేఖగా ప్రకటించి, 210 మంది పెద్దవాళ్ళపై పరీక్షించి 1985లో కెనడా మత్తు వైద్యుల పత్రికలో ఫలితాలు వెలువరించాడు.

ఈ పరీక్షకు యంత్రమేదీ అక్కరలేదు. మనిషి నిటారుగా కూర్చుండి, నోరు పూర్తిగా తెరిచి, "ఆ" అనకుండా నాలుక చాపవలెను. మెత్తని అంగిలి, కొండనాలుక, దాని ఇరుపక్కల కమానులు అన్నీ కనబడితే మొదటి తరగతి. నాలుక మూలము కొండనాలుకను కప్పితే రెండవది. మెత్తని అంగిలి మాత్రమే కనబడితే మూడవది. 1987లో సాంసూన్, యంగ్ అనే వారు, గట్టి అంగిలి తప్ప మరేమీ కనబడనిదానిని నాల్గవ తరగతిగా చేర్చారు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మనము సామెత చెప్పుకొంటాము. ఇక్కడ ఉన్న నాలుకే కొండనాలుకను దాచిపెడుతున్నది! విద్యార్థులు అద్దము ముందు నిలబడి తమ తరగతిని తామే చూసుకొనవచ్చును. శస్త్రచికిత్సకు ముందు మత్తు డాక్టరు "నోరు తెరవండి, నాలుక చాపండి" అనేది ఇందుకే. ఐతే ఈ ఒక్క పరీక్షే చాలదు. మెడ ఎంతవరకు వంగుతుంది, గడ్డమునకు కంఠమణికి ఎంత దూరము అన్నవి కూడా చూడవలెను. అన్నీ బాగున్నా గొట్టము దిగని రోగులు తటస్థపడుతూనే ఉంటారు.

నాడి, ఊపిరి తగాదాకు వింతైన పరిష్కారము జపాను నుంచి వచ్చినది. 1974లో తకువో అయోయగి అనే ఇంజనీరు, రక్తములో ప్రాణవాయువు పాలును చర్మము మీదనుంచే కొలిచే ఉపాయము కనిపెట్టాడు. ప్రాణవాయువు నిండిన రక్తము, తరిగిన రక్తము ఎర్రని వెలుగును వేరువేరుగా పీల్చుకొంటవి. నాడి కొట్టుకొన్నప్పుడల్లా మారే వెలుగును మాత్రమే లెక్కలోకి తీసుకొంటే ధమని రక్తము సంగతి తెలుస్తుంది. 2020లో కోవిడు వచ్చినప్పుడు మన ఇళ్ళలోకి కూడా వచ్చిన ఆక్సీమీటరు ఇదే. వేలికి తగిలించిన ఆ చిన్న పెట్టె మీద రెండు అంకెలు వెలుగుతవి. ఒకటి లండను వర్గము కోరిన నాడి. రెండవది సైమ్, లారీ కోరిన ఊపిరికి ఫలితము.

ఫలితము అనడమే సరి; ఊపిరి కాదు. రోగికి ముందుగా ప్రాణవాయువు బాగా పట్టించి ఉంటే, శ్వాస ఆగిన తరువాత కూడా కొన్ని నిమిషాలు ఆ అంకె చెక్కుచెదరదు. అది పడిపోవడము మొదలయ్యేసరికి సగము వ్యవధి దాటిపోయి ఉంటుంది. అందుచేత శస్త్రచికిత్స గదిలో మరొక యంత్రమును కూడా పెడతారు. వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును కొలిచి, ప్రతి శ్వాసకు ఒక మెట్టుగా తెర మీద గీస్తుంది. గొట్టము పొరపాటున అన్ననాళములోకి పోతే ఆ మెట్లు నిలువవు. ఐదారు ఊపిరులలో గీత చదునైపోతుంది. మత్తు వైద్యుడు అప్పుడే గొట్టము తీసివేసి, దవడను ముందుకు నెట్టి, ముసుగుతో గాలి పంపడము మొదలుపెడతాడు.